ఏ రాయైతేనేం, పళ్ళు పెట్టించుకోడానికి!

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు. ఊడింతర్వాత మళ్ళీ పెట్టించుకోడానికి ఏ డాక్టరైతే మంచిదో మాత్రం ఒక్క ముక్క చెప్పకుండా పోయారు. ఆ లోటు బెంగళూరు మారతహళ్ళిలో 11 ఏళ్ళుగా కాపురముంటున్న నేను తీర్చాల్సొచ్చింది.

ఇంప్లాంట్ (దవడ ఎముకలో టైటానియం స్క్రూ దించి, దాని మీద పన్ను కట్టడం) వేసే డాక్టర్ని ఎంచుకోడానికి నాదొక సైంటిఫిక్ పద్ధతి. ముందు రిసెప్షన్‌లో సోఫా చూస్తా. కూర్చోగానే లోపలికి కుంగితే డాక్టర్ మంచివాడే. తర్వాత కాఫీ మెషీను, తర్వాత పార్కింగు, ఆపైన ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటాలా అక్కర్లేదా అన్నది, ఎందుకంటే సాయంత్రం ఆరింటికి ఔటర్ రింగ్ రోడ్డెక్కితే ఉన్న పళ్ళు కూడా కొరికి కొరికి అరగ్గొట్టుకుంటాం. ఆఖర్న ఈఎంఐ. ఇన్ని చూశాక ఇంకా ఏం చదివారండీ అని అడగడం మర్యాద కాదు.

మా మావయ్యగారు రాకపోతే అంతా సాఫీగానే పోయేది. నర్సరావుపేటలో పప్పుచెక్క కొరికి కింద దవడ పన్ను విరగ్గొట్టుకుని, అక్కడే పీకించేసుకుని వచ్చారు. 30 ఏళ్ళు బిల్డింగు కాంట్రాక్టులు చేసిన మనిషి, ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే, పునాది ఉన్నవి, లేనివి.

నేను సెలెక్ట్ చేసిన క్లినిక్‌లో కోఆర్డినేటర్ అమ్మాయి (అనంతపురం అమ్మాయే) లామినేషన్ కార్డు చూపించి "మూడ్రోజుల్లో పన్ను అంకుల్" అంది.

"ఇవాళ పిల్లరేసి ఎల్లుండి స్లాబు పోస్తారామ్మా?"

నాకు తల కొట్టేసినట్టైంది. సర్దిచెబ్దామని నేనే అందుకున్నా. మావయ్యగారూ, ఇది స్వీడన్ టెక్నాలజీ, 1952లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం పరికరం పెట్టి, తర్వాత తీద్దామంటే అది ఎముకతో అతుక్కుపోయి ఊడి రాలేదు, 1965లో మొదటిసారి మనిషికి పెడితే ఆయన 2006లో పోయేదాకా వాటితోనే నమిలాడు, అని గడగడా చెప్పేశా.

"ఆయనక్కూడా మూడ్రోజుల్లోనే పెట్టారా అమ్మాయ్?"

నోరు మూసుకున్నా. ఎముక టైటానియంని పట్టుకోడానికి ఆ స్వీడన్ పద్ధతిలో కింద దవడకి మూడు నెలలు, పై దవడలో ఎముక మెత్తన కాబట్టి ఆరు నెలలు ఆగేవారు. ఎముక గట్టిగా ఉన్నవాళ్ళకి కొందరికి వెంటనే తాత్కాలిక పన్ను పెట్టొచ్చులెండి, కానీ ఎవరికన్నది చూసి చెప్పాలిగా, కార్డు మీద అచ్చేస్తే ఎలా. "క్యూరింగన్నమాట" అని మావయ్యగారు తలూపారు.

ఇంక ఆగలేదు. సాయిల్ టెస్ట్ చేశారా అన్నారు. అంటే సీబీసీటీ స్కాను, దవడని 3డీలో చూపించేది, ఎముక ఎంత ఎత్తు, ఎంత మందం, కింద నరం ఎంత దూరంలో ఉందీ అని. ఆ నరానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారిపోద్ది. వీళ్ళేమో మామూలు ఎక్స్‌రే ఒకటి తీసి కొటేషన్ చేతిలో పెట్టారు. పిల్లరెవరేస్తారు, గోడెవరు కడతారు అన్నారు. స్క్రూ వేసే డాక్టర్ శనివారం బయట్నుంచి వస్తార్ట, క్యాప్ ఇంకొకరు పెడతార్ట. మరి పగుళ్ళొస్తే?

"మా టీమ్ చూసుకుంటుంది అంకుల్."

"ఆ టీమ్‌కి పేరుందామ్మా?"

ఆపైన కళ్ళజోడు పెట్టుకుని గోడ మీది సర్టిఫికెట్లు లింకు డాక్యుమెంట్లు చదివినట్టు ఒక్కోటీ చదివారు. మన దేశంలో ఇంప్లాంట్లకంటూ విడిగా ఎండీఎస్ (పళ్ళ డాక్టర్ల పీజీ) లేదు, ప్రోస్తోడాంటిస్టో (కట్టుడు పళ్ళ స్పెషలిస్టు), పెరియోడాంటిస్టో (చిగుళ్ళ స్పెషలిస్టు), ఓరల్ సర్జనో అయ్యుండి ఈ పనిలో చెయ్యి తిరిగుండాలి. గోడ మీదున్నది రెండ్రోజుల కోర్సు. "మా రాడ్ బెండింగ్ కుర్రాడే నాలుగేళ్ళు నేర్చుకున్నాడు అమ్మాయ్" అన్నారు, మెల్లగా అంటే బావుండేది. వెళ్తూ వెళ్తూ, "నాకు షుగరుంది, ఎవరూ అడగలేదేం?"

చివరికి మున్నేకొళాలలో ఆయనే ఒక ప్రోస్తోడాంటిస్టుని పట్టుకున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు. 50 నిమిషాలు వెయిటింగు, కాఫీ లేదు. ఆ డాక్టరమ్మ మూడు నెలల షుగర్ రిపోర్టు చూసి, ఎముకలు గుల్లబారకుండా మాత్రలేమైనా వాడుతున్నారా, సిగరెట్టుందా అని ఆరా తీసి, ముందు షుగర్ తగ్గించుకుని రండి, అప్పుడు స్కాన్ తీసి చూద్దాం అని వెనక్కి పంపించేసింది. వచ్చిన బేరాన్ని వదులుకుంది, ఇలాంటి డాక్టర్ని ఎలా నమ్మడం? మావయ్యగారు మాత్రం మంచి మేస్త్రి దొరికినట్టు ఆనందంగా పప్పుచెక్కలు చారులో నానబెట్టుకుని తింటున్నారు.

నాక్కూడా పై దవడలో ఒకటి కదుల్తోంది. ఆయనకి చెప్పలేదు, చెప్తే టేపు తీసుకొస్తారు.