ఆటోపైలట్ గారికి ఒక బ్యాటరీ దుకాణదారు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎలక్ట్రిక్ ఆటోపైలట్ గారికి,

హనుమకొండలో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్ముకుని బతికే నేను నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి ఆకలి సంగతి మా బావగారి చేతిలోని కొటేషన్ చూసి తెలుసుకున్నాను.

బావగారు కరెంటు ఆఫీసులో రిటైరయ్యారు. విశాఖలో ఒక పాత 36 అడుగుల తెరచాప పడవను బేరమాడి, డిసెంబరులో అండమాన్ వెళ్తానంటున్నారు. సుమారు 1,200 కిలోమీటర్లు. 5 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 9 కిలోమీటర్లతో, అయిదారు రోజులు. అన్ని రాత్రులూ చుక్కాని పట్టుకుని కూర్చునే ఓపిక ఆయనకు లేదు, అక్కకు అసలే లేదు. అక్కడ ప్రవేశించారు, మనిషి బదులు కరెంటుతో చుక్కాని తిప్పే తమరు.

సముద్రం లేని ఓరుగల్లు వాడికి ఈ పెత్తనమెందుకంటారా? మా గణపతిదేవుడు 1244లోనే మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు మొత్తం లాక్కునేవారు, ఇకపై సుంకం కడితే చాలన్నాడు. ఉన్నదంతా లాక్కునే ఆ పాత రాజుల బుద్ధి తమరికి ఎలా వచ్చిందో తెలియదు.

వ్యాపారరీత్యా తమరి ఫోటో నా గల్లాపెట్టె మీద ఉండాలి. కానీ లెక్క ఊరుకోనివ్వడం లేదు. అలలు కాస్త లేచాయంటే తమరు సగటున 4 ఆంపియర్లు తాగుతారు, అంటే రోజుకు 96 ఏహెచ్ (ఆంపియర్-గంటలు). నేను అమ్మే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది. కాబట్టి సాయంత్రం మొదలుపెడితే మర్నాటి మధ్యాహ్నానికి అది చేతులెత్తేస్తుంది. పైగా 50 కిలోలకు పైబడిన బరువు. పడవ ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది, అందులో ఉప్పునీరు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. నా సరుకును నా నోటితోనే తిట్టించారు! లిథియం బ్యాటరీ పెట్టుకోమన్నాను. ధర విని బావగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

పండక్కొచ్చే కొత్త అల్లుడిలా తమరు ఒక్కరే రారు, వెనుక బలగం దిగుతుంది. ముందు సోలార్ ప్యానెళ్ళు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 30 ఏహెచ్ ఇస్తే గొప్ప, అంటే తమరి ఒక్కరి భోజనానికే మూడుకు పైన. మేడ మీద వాటర్ ట్యాంకు నీడ ఒక మూల పడితేనే ప్యానెల్ మొండికేస్తుందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. పడవ మీద తెరచాప కొయ్య, తాళ్ళు, తెరచాప, అన్నీ ఊగుతూ నీడ పోస్తాయి.

తర్వాత గాలిమర. గాలి వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతు. 15 నాట్ల గాలి వెనుక నుంచి వీస్తుండగా పడవ 6 నాట్లతో పరుగెత్తితే మరకు తగిలేది 9 నాట్లే, అంటే లంగరు వేసి ఆగినప్పుడు అదే గాలికి వచ్చే కరెంటులో అయిదో వంతు. కొటేషన్‌లో ఈ ముక్క లేదు. నీళ్ళలో ఈడ్చుకెళ్ళే జనరేటర్ రాత్రీపగలూ పనిచేస్తుంది కానీ పడవ వేగాన్ని కొంత కోస్తుంది. పడవను నడపడానికి తమరు, తమరిని పోషించడానికి పడవ. బాగుంది వరస.

ఇదంతా ఎవరి స్థానంలో? పడవ వెనుక బిగించే విండ్‌వేన్ స్థానంలో. అదొక పలుచని ప్లైవుడ్ రెక్క. పడవ దారి తప్పగానే గాలి దాన్ని ఒక పక్కకు పడేస్తుంది. రెక్క వాలితే కింద నీళ్ళలో వేలాడే తెడ్డు మెలి తిరుగుతుంది. పారే నీరు ఆ తెడ్డును పక్కకు తోస్తుంది, తెడ్డుకు కట్టిన తాళ్ళు చుక్కానిని లాగుతాయి. గాలి కబురు చెబుతుంది, బరువు నీరు మోస్తుంది, కరెంటు సున్నా. 1960లో బ్రిటన్‌కు చెందిన హాస్లర్ తాను తయారుచేసుకున్న విండ్‌వేన్‌తోనే జెస్టర్ అనే చిన్న పడవలో ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు. ఒంటరిగా పడవలో భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో తమరికి ప్రవేశమే లేదు. 2023లో మన అభిలాష్ టోమీ అందులో రెండో స్థానంలో గమ్యం చేరారు.

విండ్‌వేన్‌కూ లోపాలున్నాయి. దిక్సూచి దానికి తెలియదు. రాత్రి గాలి తిరిగితే పడవనూ తిప్పేస్తుంది, అక్క నిద్రలేచి చూస్తే దారి శ్రీలంకకు ఉండవచ్చు. గాలి ఆగి ఇంజను వేస్తే అది ఉత్త చెక్క. అయితే డిసెంబరులో ఈశాన్య గాలి అండమాన్ దారికి దాదాపు అడ్డంగా, ఎడమ పక్కనుంచి వీస్తుంది. దానికి నచ్చే గాలి అది.

అందుకని బావగారి పడవకు విండ్‌వేన్ ఖాయమైంది. తమరి వంశంలో టిల్లర్ పైలట్ అనే చిన్నవాడున్నాడట. ఇంజను నడిచేటప్పుడు రెక్క తీసి అతన్ని అక్కడ బిగిస్తాం. చిన్న కడ్డీని అటూ ఇటూ జరపడమే ఉద్యోగం. సగం ఆంపియరు భోజనానికి ఒప్పుకుంటే డిసెంబరు లోపు పంపించండి, మూడు ప్యానెళ్ళు అడిగితే మాత్రం వద్దు.

ఇట్లు,
ఒకే ఒక్క బ్యాటరీ బేరం మిగిలిన
హనుమకొండ దుకాణదారు