అర బ్యాండ్ వెనుక అసలు లెక్క

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో రెండేళ్లు ఇంగ్లిష్‌లోనే పాఠాలు విని, ఇంగ్లిష్‌లోనే ప్రాజెక్టు నివేదిక రాసి, మాస్టర్స్ పట్టా పుచ్చుకున్న విద్యార్థి అక్కడే కొంతకాలం ఉద్యోగం చేసుకోవడానికి తాత్కాలిక గ్రాడ్యుయేట్ వీసా అడిగితే ఏం చేయాలి? మళ్లీ ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. 2024 మార్చి 23 నుంచి ఆ వీసాకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో, తొమ్మిది దాకా ఉండే బ్యాండ్ల కొలమానంలో, 6.5 బ్యాండ్ కావాలి. అంతకు ముందు 6 సరిపోయేది. ఆ ఫలితం కూడా దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు వచ్చినదై ఉండాలి. పాత నిబంధన ప్రకారం మూడేళ్ల నాటిదైనా చెల్లేది. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా భాష వచ్చిందనడానికి రుజువు కాదని ఆస్ట్రేలియా ప్రభుత్వమే తేల్చిందన్నమాట.

ఇందులోని వింతను అర్థం చేసుకోవాలంటే ఆ ఏడాది ఇంకా ఏమేం మారాయో చూడాలి. అదే మార్చిలో విద్యార్థి వీసాకు కావలసిన బ్యాండ్ 5.5 నుంచి 6కు పెరిగింది. మే నెలలో బ్యాంకు ఖాతాలో చూపవలసిన సొమ్ము పెరిగింది. జూలైలో వీసా రుసుము 710 ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి ఒక్కసారిగా 1,600 డాలర్లకు చేరింది. అన్నిటికీ మూలం 2023 డిసెంబరులో ఆ ప్రభుత్వం ప్రకటించిన వలస వ్యూహం. అద్దెలు పెరిగి జనం గుర్రుగా ఉన్నారు కాబట్టి వచ్చేవారి సంఖ్య తగ్గాలి. తమ దేశంలోకి ఎవరిని, ఎందరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు వారికి ఉంది. అయితే సంఖ్య తగ్గించడానికి ఇంగ్లిష్ పరీక్షను పనిముట్టుగా వాడుకుంటూ, అదంతా విద్యా ప్రమాణాల కోసమేనని చెప్పడమే అభ్యంతరకరం. పైగా కనీసం పది వారాల ఇంగ్లిష్ కోర్సుకు కూడా కలిపి ఫీజు కట్టేవారికి 5.5 బ్యాండే చాలు. డబ్బు పెట్టగలిగినవారికి పక్కదారి తెరిచే ఉంది.

కెనడా కొంత నయం. 2024 జనవరిలో విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెడుతున్నామని బాహాటంగానే చెప్పింది. కానీ అదే ఏడాది నవంబరు 1 నుంచి, చదువు ముగిశాక ఇచ్చే పని పర్మిట్‌కు ఆ దేశ విశ్వవిద్యాలయ పట్టభద్రులు సైతం భాషా పరీక్ష ఫలితం జత చేయాలన్న నిబంధన తెచ్చి, తానూ అదే బాట పట్టింది.

భాషా పరీక్ష వీసా తనిఖీగా మారితే ఏమవుతుందో బ్రిటన్ పదేళ్ల కిందటే చూపించింది. టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షను కొన్ని కేంద్రాల్లో అభ్యర్థుల బదులు వేరేవారు రాస్తున్నారని 2014 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెట్టింది. మోసం నిజమే. ఆ తర్వాత పరీక్ష నిర్వహించిన సంస్థ తాను పరిశీలించిన 58 వేలకు పైగా పరీక్షల్లో 97 శాతాన్ని ఏదో ఒక మేరకు అనుమానాస్పదమని తేల్చింది. నూటికి తొంభై ఏడుగురు మోసగాళ్లంటే ఎవరికైనా సందేహం రావాలి; అక్కడి హోం శాఖకు రాలేదు. దక్షిణాసియా విద్యార్థులే ఎక్కువగా ఉన్న ఆ జాబితా ఆధారంగా వేల వీసాలు రద్దయ్యాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నిజాయతీగా రాసినవారూ చదువు మధ్యలో రోడ్డున పడ్డారు. మూడున్నర వేలకు పైగా అప్పీళ్లు నెగ్గాయని, నిర్దోషులూ దెబ్బతిని ఉండవచ్చని 2019లో ఆ దేశ జాతీయ ఆడిట్ కార్యాలయం చెప్పేనాటికి వాళ్ల యౌవనంలో అయిదేళ్లు గడిచిపోయాయి.

ఇంత చెప్పి, అసలు పరీక్షే వద్దని అనడం లేదు. ఇంగ్లిష్ చాలనంతగా రాని విద్యార్థి తరగతిలో వెనకబడతాడు, అంతకన్నా ఎక్కువగా తరగతి బయట నష్టపోతాడు. అద్దె ఒప్పందంలో ఏముందో తెలియక సంతకం పెడతాడు. యజమాని గంటకు ఎంత కూలి కట్టాలో చట్టం చెబుతున్నా, అడిగే ధైర్యం లేక సగానికే పనిచేస్తాడు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు ఈ సంగతులేవీ ఫోనులో చెప్పడు. ఒక హద్దు ఉండటం అతడికే రక్ష.

ఆ హద్దును ఎంత సన్నగా గీస్తున్నారన్నదే ప్రశ్న. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు విభాగాల సగటు 6.25 వస్తే దాన్ని 6.5గా లెక్కిస్తారు, 6.125 వస్తే 6కు దించుతారు. అంటే ఒక్క విభాగంలో అర బ్యాండ్ తేడాతో వీసా చేజారవచ్చు. మాట్లాడే పరీక్ష పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు. రాత పరీక్ష గంటలో రెండు రచనలు. మనుషులు మార్కులు వేసే చోట ఇద్దరు పరీక్షకుల మధ్య అంతమాత్రం తేడా సహజం. యంత్రమూ తప్పుకు అతీతం కాదు: 2023 ఆగస్టు నుంచి 2025 సెప్టెంబరు మధ్య జరిగిన పరీక్షల్లో కొన్నిటి ఫలితాలు సాంకేతిక లోపంతో తప్పుగా వెలువడ్డాయని నిర్వాహకులే అంగీకరించారు. ఒక్కో పరీక్షకు మన అభ్యర్థి కట్టేది పదిహేడు వేల రూపాయల పైమాటే. ఫలితం మామూలుగా చెల్లేది రెండేళ్లు. తర్వాత మళ్లీ మొదటికి.

హద్దు కఠినమైనంత మాత్రాన మోసం ఆగదని కూడా తెలుసు. 2022లో కెనడా సరిహద్దున నది దాటి అమెరికాలోకి వెళ్లబోయి పట్టుబడినవారిలో గుజరాత్‌లోని మెహసానా జిల్లా యువకులు నలుగురు ఉన్నారు. న్యాయమూర్తి అడిగినదానికి ఇంగ్లిష్‌లో బదులివ్వలేకపోయారు. చేతిలో ఉన్నది మాత్రం 6.5 నుంచి 7 బ్యాండ్ల ఫలితం! మెహసానా పోలీసులు కూపీ లాగితే పరీక్షా కేంద్రంలోనే అక్రమాలు జరిగినట్లు తేలింది.

ఇక మన ఇంటి సంగతి. ఇంగ్లిష్ మీడియంలో బీటెక్ చదివినవారికి మళ్లీ పరీక్ష ఎందుకని అమీర్‌పేట నుంచి విజయవాడ దాకా ఏ కన్సల్టెన్సీలో కూర్చున్నా వినిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నలాగే కనిపిస్తుంది. బోధన ఇంగ్లిష్‌లో జరిగిందంటూ కళాశాల ఇచ్చే ధ్రువపత్రాన్ని, అందరూ ఎంఓఐ అనే ఆ కాగితాన్ని, ఒప్పుకునే విదేశీ విశ్వవిద్యాలయాలూ లేకపోలేదు. కానీ అడిగిన ప్రతివాడికీ, తరగతికి రానివాడికీ ఒకే మూసలో ఆ కాగితం ఇచ్చేస్తుంటే దానికి విలువ ఎక్కడిది? గైడు బట్టీపట్టి నాలుగేళ్లు గట్టెక్కిన విద్యార్థి ఇంగ్లిష్‌లో సొంతంగా ఒక పేరా రాసిన సందర్భం ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? కొన్ని బ్రిటన్ విశ్వవిద్యాలయాలు పన్నెండో తరగతి ఇంగ్లిష్ మార్కులను పరీక్షకు బదులుగా తీసుకుంటాయి. సీబీఎస్‌ఈ, ఐఎస్‌సీ అయితే సరే. రాష్ట్ర బోర్డులైతే ఎక్కువ మార్కులు అడుగుతాయి, లేదా కుదరదంటాయి. చిన్నచూపే కావచ్చు. అయినా ఇంటర్మీడియట్‌లో దశాబ్దాలుగా ఇంగ్లిష్ అంటే రాత పరీక్ష ఒక్కటే కదా! తెలంగాణ బోర్డు 2023-24లో మొదటి సంవత్సరానికి ఇరవై మార్కుల ఇంగ్లిష్ ప్రాక్టికల్స్ ప్రవేశపెట్టింది. మంచి అడుగే. ఆ ఇరవై మార్కులూ మిగతా ప్రాక్టికల్స్‌లాగే అందరికీ పూర్తిగా పంచిపెట్టేవైతే అదీ వృథా.

రెండు వైపులా చేయవలసిన పని ఉంది. ఆయా దేశాలు తమ సొంత పట్టాను భాషకు రుజువుగా అంగీకరించాలి. అక్కడే చదివినవారిని మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టడం మానాలి. తగ్గించదలచింది విద్యార్థుల సంఖ్యే అయితే ఏటా ఇంతమందికే ప్రవేశమని ముందుగా ప్రకటిస్తే, ఇక్కడ పొలం తాకట్టు పెట్టే కుటుంబం ఆ లెక్క చూసుకునే అడుగు వేస్తుంది. నిబంధన మారినప్పుడు అప్పటికే అక్కడ చదువుతున్నవారికి పాతదే వర్తింపజేయాలి. నిబంధనలు మార్చిన దేశాలతో విద్యా ఒప్పందాలు చర్చించేటప్పుడు కేంద్ర ప్రభుత్వం ఈ మూడూ బల్లమీద పెట్టాలి. మన విశ్వవిద్యాలయాలు ఎంఓఐ కాగితం మీద సంతకం చేసే ముందు ఆ విద్యార్థిని కూర్చోబెట్టి ఒక పుట రాయించాలి, పది నిమిషాలు మాట్లాడించాలి, ఆ ఫలితాన్ని కాగితం మీదే వేయాలి. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు.