క్రోమ్‌బుక్‌కు జాతకం చూపించారా?

2023 సెప్టెంబరులో గూగుల్ సంస్థ క్రోమ్‌బుక్‌లకు, అంటే తన క్రోమ్‌ఓఎస్ వ్యవస్థతో నడిచే ల్యాప్‌టాప్‌లకు, ఆయుష్షు పోసింది. 2021 నుంచి వచ్చిన మోడళ్ల కోవలన్నింటికీ పదేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. అంతకుముందు ఎనిమిదేళ్లు, దానికి ముందు ఆరున్నర, ఇంకా ముందు ఐదు. మృత్యుంజయ హోమం ఖర్చయినా లేకుండా ఆయుర్దాయం రెట్టింపయిన జీవి ఈ కలికాలంలో ఇదొక్కటే. అయినా మన జ్యోతిష పండితులెవరూ దీన్ని పట్టించుకోకపోవడం విచారకరం.

లెక్క కట్టే పద్ధతి కూడా వారు శ్రద్ధగా అధ్యయనం చేయదగినదే. గడువు మీరు కొన్న రోజు నుంచి మొదలు కాదు. ఆ కోవకు చెందిన హార్డ్‌వేర్ మొదట ఏనాడు విడుదలైతే ఆనాటి నుంచే మొదలవుతుంది. అంటే ఇంట్లో పెద్దవాడు పుట్టిన ఘడియే తమ్ముళ్లందరికీ జన్మ లగ్నం. దసరా తగ్గింపు ధరలో మురిసిపోతూ తెచ్చుకున్నది నాలుగేళ్ల కిందటి కోవదైతే, అట్టపెట్టె విప్పేసరికే దానికి నాలుగేళ్లు నిండి ఉంటాయి.

గడువు తీరిన రోజున ఏమీ జరగదు. తెర వెలుగుతుంది, మీటలు పలుకుతాయి, బ్యాటరీ నిలుస్తుంది. భద్రతా అప్‌డేట్లు మాత్రం ఆగిపోతాయి. బ్రౌజర్ పాతబడి, ఒక్కొక్క వెబ్‌సైటే మొహం చాటేయడం మొదలుపెడుతుంది. మనిషి నిక్షేపంలా తిరుగుతున్నా రేషన్ కార్డులో పేరు కొట్టేసినట్టు.

గూగుల్ దీన్ని దాచిందని నిందించలేం. 2010 డిసెంబరులో ప్రయోగాత్మకంగా పంచిన మొట్టమొదటి ల్యాప్‌టాప్‌కు పెట్టిన పేరే సీఆర్-48. క్రోమియం మూలకంలో నిలకడలేని ఒక ఐసోటోపు పేరది. దాని అర్ధాయువు ఇరవై రెండు గంటలైనా లేదు. నామకరణం నాడే ఇంత నిజాయితీగా భవిష్యత్తు చెప్పిన తండ్రి పురాణాల్లోనూ కనబడడు.

గుణాల సంగతికొస్తే, నిజంగా గుణవంతురాలే. 2011లో మొదటి క్రోమ్‌బుక్‌లు అమ్మకానికి వచ్చినప్పుడే ఎనిమిది సెకన్లలో తెరుచుకుంటాయన్నారు. లోపల లినక్స్, పైన బ్రౌజర్, అంతే. పిల్లలు ఏం నొక్కినా పెద్దగా పాడవదు. సామానంతా ఎక్కడో ఉన్న డేటా సెంటర్లలో ఉంటుంది కాబట్టి 4 జీబీ ర్యామ్‌తో, అంటే ఆ కాస్త తాత్కాలిక జ్ఞాపకశక్తితో, సంసారం గడిచిపోతుందంటారు.

చిక్కల్లా వ్యవస్థ తేలికైనా వెబ్ తేలిక కాకపోవడమే. ఒక వార్త చదవబోతే రెండు వీడియోలు, ఆరు ప్రకటనలు, నోటిఫికేషన్లు పంపమంటారా అన్న ప్రశ్న ఒకటి. ఉగాది పంచాంగంలో ఈ రాశికి ఆదాయం 4, వ్యయం 14 అని నిస్సంకోచంగా రాసుకోవచ్చు. జ్ఞాపకశక్తి చాలనప్పుడు యంత్రం చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. అటుపక్కన తెరిచి ఉంచిన ట్యాబులను చడీచప్పుడు లేకుండా మరిచిపోతుంది. కాలేజీ దరఖాస్తు సగం నింపి, హాల్‌టికెట్ నంబరు కోసం పక్క ట్యాబులోని మెయిల్ వెతికి, తిరిగొస్తారు. గుండ్రటి గుర్తు ఒకటి తిరుగుతుంది, పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. తండ్రి పేరు దగ్గర ఖాళీ, పుట్టిన తేదీ దగ్గర ఖాళీ, కులం దగ్గర ‘ఎంచుకోండి’. పూర్వజన్మ స్మృతి లేకపోవడం జీవులన్నిటికీ సహజమే కదా అని సరిపెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

కరెంటు పోయినప్పుడు ఈ యంత్రం మాత్రం చెక్కుచెదరదు. దానికి పది గంటల బ్యాటరీ ఉంది. రౌటర్‌కే లేదు. ముందుగా ఆఫ్‌లైన్ ఏర్పాటు చేసుకున్న పుణ్యాత్ములు డాక్యుమెంట్లు రాసుకుంటారు. మిగతావారికి బ్రౌజర్ ఒక డైనోసార్‌ను చూపించి ఆడుకోమంటుంది. ఆయుర్దాయం గురించి మాట్లాడటానికి అంతకంటే అనుభవజ్ఞుడైన జంతువు దొరకదు మరి.

ఇక పునర్జన్మ. క్లౌడ్‌రెడీ అనే వ్యవస్థను తయారుచేసిన నెవర్‌వేర్ సంస్థను గూగుల్ 2020 చివర్లో కొనేసింది. దాన్నే 2022లో క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్‌గా మార్చి బయటికి తెచ్చింది. పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ఆగిపోయాక ఈ ఘాట్ దగ్గర రద్దీ పెరగడంలో వింతేముంది? కొత్త జన్మలో ప్లే స్టోర్ ఉండదు, వేలిముద్ర పనిచేయదు. అవి పూర్వజన్మ కర్మఫలం. అన్నట్టు, ధ్రువీకరించిన మోడళ్ల జాబితాలో ప్రతిదాని పక్కనా ఒక సంవత్సరం వేసి ఉంటుంది. అది దేనికో చెప్పనక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో మాత్రం ఈ శాస్త్రం ఇంకా ప్రవేశించలేదు. కొనేవారు మూత తెరిచి మూస్తారు, కీలు వదులైందా అని చూస్తారు, ఛార్జరు ఒరిజినలేనా అని అడుగుతారు. సెట్టింగ్స్‌లో చివరన అప్‌డేట్ల గడువు ఏ నెల, ఏ సంవత్సరం అని రాసి ఉంటుంది, అది చూపించవయ్యా అని ఎవరూ అడగరు. ఎవరైనా అడిగితే దుకాణదారు నొచ్చుకుంటాడు. “గడువేమిటి సార్, కొత్త సరుకు. నాలుగేళ్ల నుంచీ కవరు కూడా తీయలేదు” అంటాడు.