యజమాని ఉన్న ఆటకు జాతీయ జెండానా?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చినప్పుడు మేం స్వాగతించాం. ఆ యాప్‌లు ఎన్ని ఇళ్లను అప్పుల్లోకి దించాయో విశాఖ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేమ్‌ల పోటీలను, అసలైన పోటీ క్రీడగా గుర్తించింది. మార్గదర్శకాలు రాసే పని క్రీడల శాఖకు అప్పగించింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజుల్లో అంతా అయిపోయింది. జూదం మీద జరిగినంత చర్చలో పదో వంతు కూడా ఈ గుర్తింపు మీద జరగలేదు.

ఈ పోటీలు జరిగేది కంపెనీలు కట్టిన ఊహాలోకాల్లో. ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ సంగతే చూడండి. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒక్కొక్కరూ ఒక మాంత్రికుడినో, యోధుడినో, వింత జీవినో ఎంచుకుని అవతలి కోటను కూల్చాలి. స్టేడియాలు నిండిపోయేలా జనం చూస్తారు. చూడనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. కానీ ఏ మాంత్రికుడి శక్తి ఎంతో తేల్చేది ఏ క్రీడా సమాఖ్యా కాదు, ఆట తయారుచేసిన కంపెనీ. సుమారు రెండు వారాలకోసారి ఆ లెక్కలు మారుస్తూనే ఉంటుంది. కబడ్డీలో బోనస్ లైన్‌ను రెండు వారాలకోసారి అటూ ఇటూ జరుపుతామంటే మన ఆటగాళ్లు ఊరుకుంటారా?

ఈ ఆటలు ఆడే కుర్రాళ్ల కష్టం నిజమైనదేనని, వాళ్లకూ గుర్తింపు కావాలని కొందరు అంటున్నారు. నిజమే. ఆ కష్టానికి భద్రత ఏదన్నదే మా ప్రశ్న.

2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా పెట్టినప్పుడు ‘హార్త్‌స్టోన్’ అనే ఆటలో మన దేశానికి కాంస్యం దక్కింది. తర్వాతి ఆసియా క్రీడలు చైనాలోని హాంగ్‌జౌలో. ఈసారి నిజమైన పతకాలు, జాబితాలో హార్త్‌స్టోన్ కూడా ఉంది. ఇంతలో ఆ ఆటను తయారుచేసిన కంపెనీకి, చైనాలో దాన్ని నడిపే కంపెనీకి ఒప్పందం తెగిపోయింది. 2023 జనవరిలో అక్కడ సర్వర్లు, అంటే ఆటను నడిపే కంప్యూటర్లు, ఆగిపోయాయి. ఆసియా క్రీడల జాబితాలోంచి ఆటే ఎగిరిపోయింది. మన దేశం తరఫున ఎంపికైన వాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్లు ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు. రెండు కంపెనీలకు లెక్క కుదరలేదు, అంతే. యజమాని ఉన్న ఆటంటే ఇదీ.

మన దగ్గరా తక్కువేం జరగలేదు. పబ్‌జీని కేంద్రం 2020 సెప్టెంబర్ 2న నిషేధించింది. 2021లో అదే ఆట కొత్త పేరుతో వచ్చింది. 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ దిగింది, ఈసారి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితితో. క్రీడాకారుడి కెరీర్ ఇలా స్విచ్ వేసినట్టు, ఆపినట్టు ఉంటుందా? ఇంటర్ చదివే కుర్రాడు దీన్నే నమ్ముకుని పుస్తకాలు పక్కన పెడితే, రేపు సర్వర్ ఆగినప్పుడు ఏ మంత్రి వచ్చి జవాబు చెబుతారు?

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అనుభవమైనా కళ్లు తెరిపించాలి. ఈ-స్పోర్ట్స్ ఒలింపిక్స్ కోసం సౌదీతో పన్నెండేళ్ల ఒప్పందమని 2024 జులైలో ప్రకటించారు. 2025 అక్టోబర్‌లో ఎవరి దారి వారు చూసుకున్నారు.

రాష్ట్రపతి సంతకం పడిన సరిగ్గా వారానికి, ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం రోజున, ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మన విశాఖలోనే మొదలైంది. ఆ లీగ్‌కీ యజమానులున్నారు, కాదనం. కబడ్డీకి మాత్రం లేరు. లీగ్ రేపు మూతపడినా భీమిలి ఇసుకలో పిల్లలు గీత గీసుకుని కూత పెడతారు. అందుకు ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. ఊహాలోకంలో ఆటకు ఆ భాగ్యం లేదు. సర్వర్ ఆపేస్తే మైదానమే ఉండదు. ఒక కంపెనీ సరుకును క్రీడ అని ఇవాళ ఒప్పుకుంటే, రేపు ఇంకో పది కంపెనీలు తమ సరుకుతో వరుసలో నిలబడతాయి. అప్పుడు దేన్ని కాదంటారు, ఏ కారణం చూపి కాదంటారు?

క్రీడల శాఖ మార్గదర్శకాల్లో ఈ మాటలు స్పష్టంగా ఉండాలి. జాతీయ పోటీ ప్రకటించాక అది ముగిసేదాకా కంపెనీ నియమాలు మార్చకూడదు. సర్వర్లు ఆపాలంటే ముందుగా గడువు ఇవ్వాలి, ఎంపికైన ఆటగాళ్లకు పరిహారం చెల్లించాలి. రిఫరీలు కంపెనీ జీతగాళ్లు కాకూడదు. పిల్లల వయసు, ఆడే సమయం మీద పరిమితిని ప్రభుత్వమే పెట్టాలి. వీటికి ఒప్పుకోని కంపెనీ ఆటకు జాతీయ జట్టు పంపకూడదు. ఈ మాత్రం షరతులు కూడా పెట్టలేకపోతే, కంపెనీల ప్రచారానికి మన పిల్లల చేతికి త్రివర్ణ పతాకం ఇచ్చి పంపే హక్కు క్రీడల శాఖకు లేదు.