గద్దర్ పాటలో ‘నేను’ ఎవరు?

వెన్నులో ఒక తూటాతో 26 ఏళ్లు బతికారు ప్రజాగాయకుడు గద్దర్. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలోని ఇంట్లో ఆయన మీద కాల్పులు జరిగాయి. డాక్టర్లు మిగతా తూటాలు తీశారు. వెన్ను దగ్గర ఇరుక్కున్న ఒక్కదాన్ని తీస్తే ప్రాణానికే ముప్పని వదిలేశారు. దాన్ని మోస్తూనే ఆయన మళ్లీ గజ్జె కట్టారు. 2023 ఆగస్టు 6న కన్నుమూసేదాకా, ఆ తర్వాతా, ఆయన గురించి ఎవరు మాట్లాడినా ఆ తూటా ప్రస్తావన రాకుండా పోలేదు. అన్ని కష్టాలు పడ్డాడు కనుకే అంత పాట వచ్చిందని చాలామంది తేల్చేస్తారు.

ఆ లెక్క నాకు ఒప్పదు. కష్టాలు పడ్డవాళ్లందరికీ పాట రాదు. ఆయన పాటల్లో ‘నేను’ అని వినిపించే చోట్లు వరసగా చూసుకుంటూ పొండి. అక్కడ గద్దర్ చాలా అరుదుగా కనిపిస్తారు. ఒకచోట తల్లి, ఒకచోట కూలి, ఇంకోచోట అన్న మాట్లాడుతుంటారు. తన బతుకులోని అలజడిని చెప్పుకోవడానికి ఆయన దగ్గర కావలసినంత సరుకుంది. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్ రావు బ్యాంకు ఉద్యోగం వదిలేశారు, కారంచేడులో దళితుల ఊచకోత తర్వాత 1985లో అజ్ఞాతంలోకి వెళ్లారు, 1990లో బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో జనసముద్రం ముందు నిలబడ్డారు. ఇంకొకరైతే ఆత్మకథనే పాటలుగా కట్టుకునేవారు.

‘నీ పాదం మీద పుట్టుమచ్చనై’ పాటనే తీసుకోండి. తోడబుట్టిన రుణం తీర్చుకోవాలని ఒక అన్న చెల్లెలితో అనే మాట అది. చీర పెడతాననో, సొమ్ము చేయిస్తాననో అనకుండా, పుట్టుమచ్చనవుతానంటాడు. పుట్టుమచ్చ చెరిపితే చెరగదు, చెల్లె ఏ ఇంటికి పోయినా వెంటే పోతుంది, ఆమె తిరిగి ఇవ్వాల్సిందేమీ ఉండదు. పైగా అది నుదుటి మీద ఉండాలని కోరుకోడు, పాదం మీద చాలంటాడు. ఆడపిల్లను అత్తారింటికి పంపిన ఇంట్లో ఈ ఒక్క మాట చాలు, గొంతు పూడుకుపోతుంది. ‘సిరిమల్లె చెట్టుకింద’ పాట కూడా అంతే. చిన్నబోయి కూర్చున్న లచ్చుమమ్మను ఏమైందమ్మా అని పలకరించడంతో మొదలవుతుంది. ఆమె పడే బాధకు కారణమేమిటో అప్పటికి ఎవరూ చెప్పలేదు. ముందు ఆమె పక్కన కూర్చోవాలి. ఆయన పాడిన నక్సలైటు ఉద్యమ సాంస్కృతిక దళం జననాట్యమండలి తన బాణీలను ఊళ్లలోని జోలపాటల్లో, ఒగ్గుకథల్లో, బుర్రకథల్లో వెతుక్కోవడం వెనకా ఈ పలకరింపే ఉందని నా నమ్మకం. జనం గొంతుతో మాట్లాడాలంటే ముందు జనం మాట వినాలి. అజ్ఞాతమైనా, ఊరూరా తిరగడమైనా ఆయనకు ఇచ్చింది ఆ వినికిడినే.

చివరి ఏళ్లలో ఆయన తీరు చాలామందికి మింగుడుపడలేదు. ఓటు బహిష్కరణ పాటలు పాడిన మనిషి 2018లో మొదటిసారి ఓటేశారు, గుళ్లకు వెళ్లారు, పార్టీల నాయకులను హత్తుకున్నారు. నాకూ బాధ కలిగింది, దాచడం ఎందుకు? కానీ లచ్చుమమ్మ గోడు లచ్చుమమ్మదే. పాడినవాడు దారి మార్చుకున్నాడని ఆమె గోడు అబద్ధమైపోదు.

ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరిట సినిమా అవార్డులు ఇస్తోంది. ‘పుట్టుమచ్చ’ పాటకు వచ్చిన నంది సినిమా అవార్డును ఆయన వద్దన్నారు. అయినా పేరు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. నా ఆరాటమంతా పాటల గురించే. పుస్తకంలో అచ్చయిన గద్దర్ పాట సగం పాటే. గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, చరణం మధ్యలో ఆగేవారు. జనంతో నాలుగు మాటలు మాట్లాడేవారు, ఏదో అడిగేవారు, జవాబు వచ్చాక డప్పు అందుకునేది. ఊరిని బట్టి మాట మారేది. ఆయన వెనక వంత పాడినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. అవార్డుల వేదికకు పెట్టే ఖర్చులో కొంతైనా తీసి, వాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఒక్కో పాటను ఏ ఊళ్లో ఎలా పాడారో రికార్డు చేయాలి. అచ్చులో ‘చెల్లెమ్మా’ అంటే మూడక్షరాలు. వేదిక మీద అది ఎంతసేపు సాగేదో, వంత ఎక్కడ అందుకునేదో ఆ గొంతులకే తెలుసు.