మా కెమెరా గారి ఉద్యోగం

తిరుపతి లీలామహల్ కూడలి దగ్గర మా అపార్ట్‌మెంటులో చెప్పులు పోతున్నాయని కిందటేడు కెమెరా బిగించారు. చెప్పులు ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. కెమెరాకు మాత్రం వేరేచోట ఉద్యోగం దొరికింది.

రౌటర్ చిట్టా తిరగేస్తే తెలిసింది. ప్రతి ఐదు నిమిషాలకూ ఠంచనుగా, పిల్లి కీబోర్డు మీద నడిస్తే పడే అక్షరాల్లాంటి వెబ్‌సైట్ పేర్ల కోసం అది వాకబు చేస్తోంది. అలాంటి పేరే లేదని జవాబు వస్తుంది. నొచ్చుకోదు, ఇంకో తలుపు తడుతుంది. మనిషైతే మూడో తలుపు దగ్గర విసుగెత్తి టీ తాగడానికి పోతాడు. ఆ విసుగు లేకపోవడమే దీన్ని పట్టించింది.

యంత్రాలను దొంగచాటుగా లొంగదీసుకునేవాళ్ల పాత విద్యే. 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే కంప్యూటర్ పురుగు తేదీని బట్టి రోజుకు 250 పేర్లు పుట్టించేది. దాని యజమాని వాటిలో ఒక్కటి కొనుక్కుంటే చాలు, పురుగు పట్టిన బానిస యంత్రాలన్నీ ఆజ్ఞల కోసం అక్కడికే చేరతాయి. కంప్యూటర్ల కాపలావాళ్లు ఆ లెక్క విప్పి, రేపటి పేర్లు ఇవాళే తమ చేతిలో పెట్టుకున్నారు. దొంగకు ఫోన్ చేస్తే పోలీసు ఎత్తినట్టన్నమాట. మరుసటి ఏడు వచ్చిన రకం రోజుకు 50,000 పేర్లు పుట్టించింది!

ఇంకొందరు దొంగలది మన దర్శనం దళారి పద్ధతి. సైటు పేరు ఒక్కటే, దాని వెనకున్న యంత్రం చిరునామా నిమిషాల్లో మారుతుంది. మనకు ఎదురయ్యేవాడూ ఇంకో బాధితుడే, అసలువాడు వెనక ఎక్కడో ఉంటాడు. ఒకే పేరు పూటకో దేశంలో కాపురం పెడుతోందంటే అనుమానించాల్సిందే.

కార్యదర్శిగారిని పాస్‌వర్డు మార్చారా అని అడిగాను.

“ఎందుకు సార్? అందరికీ గుర్తుండేలా ‘అడ్మిన్’ అనే ఉంచాం. మన చెప్పులు చూసి ఎవరేం చేసుకుంటారు?”

మీ చెప్పులు ఎవడికి కావాలండీ! వాళ్లకు కావాల్సింది కెమెరానే. 2016లో మిరాయ్ అనే ఇంకో పురుగు ఇలాంటి 60కి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే ఊరూరి కెమెరాలను లొంగదీసుకుంది. అక్టోబరు 21న అవన్నీ కలిసి, సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డిన్ అనే సంస్థ మీద పడితే ట్విటర్ లాంటి సైట్లు గంటల తరబడి అందలేదు. డబ్బు తీసుకుని, నిచ్చెనెక్కి, మేకులు కొట్టి, తాళం మాత్రం వేయకుండా దిగిపోయినవాడికి సిగ్గుండాలి. వాడికి టీ ఇచ్చి పంపిన మనకూ ఉండాలి.

ఆ రాత్రే ప్లగ్గు పీకేశాను. పొద్దున లిఫ్టు దగ్గర నోటీసు: “కెమెరా ఆపినవారిని కెమెరాలో గుర్తించి జరిమానా విధించబడును.”