బిల్లు మీది చిరునామా

“హైదరాబాద్ సంపాదిస్తుంటే మిగతా తెలంగాణ కూర్చుని తింటోంది, వరంగల్ మీద పెట్టే ప్రతి రూపాయీ రాజధాని పెట్టిన భిక్షే” అన్న సందేశం కొంతకాలంగా వాట్సాప్‌లో తిరుగుతోంది. పన్ను వసూళ్లు, భూముల ధరలు, చిన్న నగరాలకు పెట్టుబడులు రావన్న మాట, ఈ మూడూ దానికి ఆధారాలట.

మొదట పన్ను సంగతి. జీఎస్టీ నమోదు రాష్ట్రాన్ని బట్టి జరుగుతుంది కనుక, ఒక సంస్థకు హన్మకొండలోనూ కరీంనగర్‌లోనూ దుకాణాలున్నా అవి సాధారణంగా ఒకే నంబరు కింద అదనపు వ్యాపార స్థలాలుగా ఉంటాయి. మొన్న హన్మకొండ చౌరస్తా దగ్గర మిక్సీ కొన్నాను. బిల్లు మీద తెలంగాణ కోడ్ 36తో మొదలయ్యే జీఎస్టీ నంబరు, దాని కిందే హైదరాబాద్ ప్రధాన కార్యాలయం చిరునామా ఉన్నాయి. పన్ను కట్టింది నేను, లెక్కకెక్కింది అక్కడ. హైదరాబాద్ ఆదాయం పెద్దదే, అందులో వాదన లేదు. కానీ వసూలైన చోటు చూపే పట్టిక, ఆ భారం మోసిందెవరో చెప్పదు.

భూముల ధరల వాదనలో తిరకాసు ఇంకా ఎక్కువ. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేట భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది నిజమే. అయితే ఆ నేలకు ఆ ధర తెచ్చినవాటిలో ముఖ్యమైనది, జపాన్ సంస్థ జైకా అప్పు కూడా కలిపి ప్రభుత్వం కట్టిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. ధర పెరిగాక, ఆస్తి చేతులు మారినప్పుడు కట్టే రిజిస్ట్రేషన్‌లోనూ ట్రాన్స్‌ఫర్ డ్యూటీ అక్కడి స్థానిక సంస్థకే చేరుతుంది, ఆ డబ్బుతో మరిన్ని రోడ్లు పడతాయి, ధర మళ్లీ పెరుగుతుంది. నాలాలు పొంగి కాలనీలు మునిగే వరంగల్‌లో కార్పొరేషన్ చేతికి అంత సొమ్ము రాదు, ఎందుకంటే ఇక్కడి గజం ధరే తక్కువ. దీన్ని హైదరాబాద్ స్వార్జితం అనడం, పొలానికి కాలువ తవ్వించినవాళ్లను మరిచి పంట నాదేననడం లాంటిది.

ఇక పెట్టుబడులు. అవి రావాలంటే ముందు దారులుండాలి. వరంగల్ దగ్గరి మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉంది. కానీ శంషాబాద్ విమానాశ్రయం కోసం దాన్ని కట్టిన ప్రైవేటు సంస్థ జీఎంఆర్‌తో చేసుకున్న ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు పెట్టారు. వరంగల్ ఆ గీత లోపలే పడింది. శంషాబాద్ 2008 మార్చిలో తెరుచుకుంది; మామునూరుకు కేంద్రం అనుమతి 2025 ఫిబ్రవరిలో వచ్చింది.